బావమరిది వదిలిన తాడు

శంఖాల కోసం సముద్రంలోకి దిగేవాడి నడుముకు కట్టిన తాడును పడవలో ఎవరు పట్టుకోవాలని మా తూత్తుకుడి రేవులో ఎవరూ అడగరు. వాడి పెళ్లాం తోడబుట్టినవాడు పట్టుకుంటాడు. సొంత అన్నదమ్ములకు వాటా కలిసొస్తుందన్న ఆశ ఉండొచ్చు, స్నేహితుడికి కునుకు పట్టొచ్చు. బావమరిదికి మాత్రం తన అక్కో చెల్లెలో విధవ కాకూడదు. మావాళ్లు పెళ్లిచూపులకు వెళ్తే పిల్ల మొహం కంటే ముందు పిల్ల తమ్ముడి చేతులు చూస్తారని పక్క వీధులవాళ్లు వెక్కిరిస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. మా అక్క మిక్కేలమ్మను చూడడానికి వచ్చిన రోజు పెళ్లికొడుకు సిలువై నన్ను పిలిచి నా అరచేతులు తిప్పి చూశాడు. నాకు అప్పటికి మీసాలు కూడా సరిగా రాలేదు. ఎద్దును బేరం చేసినట్టు చూస్తాడేమిటని ఒళ్లు మండింది. నా పేరు ఇన్నాసి. ఆ రోజు నుంచి ఆ తాడు నాది.

మా బావ గాలి గొట్టం ఎప్పుడూ నోట పెట్టలేదు. కుర్రాళ్లంతా పడవలో గాలి యంత్రం పెట్టుకుని గంటలకొద్దీ కింద ఉంటుంటే, ఈయన మాత్రం గుండెల నిండా గాలి పట్టి, కాలికి రాయి కట్టుకుని పది బారల లోతుకు వెళ్లి వచ్చేవాడు. పైకి రాగానే ముందు నన్ను తిట్టేవాడు. "ఒరే బామ్మర్దీ, తాడు లాగావా, బావిలో చేద లాగావా? నడుము విరిగిందిరా" అనేవాడు. తిట్టకపోతే నాకు ఆ రోజు తోచేది కాదు.

అలాంటి మనిషి అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. కుడి డొక్కలో నొప్పి అన్నాడు. రాయి తగిలిందనుకున్నాం, నూనె రాశాం, మాత కోవెలలో కొవ్వొత్తులు వెలిగించాం. చివరికి మధురైలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కాలేయంలో కణితి అన్నారు. కోసి తీయడానికి వీలుకాని చోట ఉందట. రేడియేషన్ ఒక్కటే దారి అన్నారు.

డాక్టరమ్మ పేరు అళగునాచ్చి. నెమ్మదిగా, చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పే మనిషి. కొద్ది రోజుల్లోనే ఎక్కువ మోతాదులో కిరణాలు పెట్టి కణితిని చంపేయొచ్చట. చిక్కల్లా ఊపిరితోనే. మనిషి గాలి పీల్చినప్పుడల్లా కాలేయం కిందికి జారుతుంది, వదిలినప్పుడు పైకి లేస్తుంది, దానితోపాటే కణితి. దాన్ని ఆనుకుని పేగు ఉంది. గురి తప్పితే పేగుకు చిల్లు పడుతుంది. అందుకని కిరణం పడేంతసేపూ ఊపిరి బిగబట్టి కణితిని ఒక్కచోట నిలబెట్టాలి. మొదట అలా నిలబెట్టి స్కాన్ తీసి, ఆ చోటుకే గురి గీసుకుంటారు. తర్వాత ప్రతిసారీ కణితి సరిగ్గా ఆ చోటుకే రావాలి.

ఊపిరి బిగబట్టాలి అనగానే మా అక్క పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆసుపత్రికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. నాకూ కొండంత ధైర్యం వచ్చింది.

కణితి పక్కన సూదితో బంగారు గింజలు పెట్టారు. ఫొటోలో కణితి కనబడదట, గింజలు కనబడతాయట. "ఇన్నేళ్ల కాపురంలో నాకు ఆవగింజంత బంగారం కొనలేదు, ఇప్పుడు కడుపులో దాచుకున్నాడు చూడు" అని అక్క వార్డంతా చెప్పుకొచ్చింది. పక్క మంచాలవాళ్లు కూడా నవ్వారు.

స్కాన్ గదిలో పని చేసే అమ్మాయి పొన్మణి. బావ పొట్ట మీద అగ్గిపెట్టెంత దిమ్మ ఒకటి పెట్టింది. ఊపిరికి పొట్ట లేచి పడుతుంటే ఆ దిమ్మా లేచి పడుతుంది, ఆ కదలిక బయట తెర మీద గీతలా నడుస్తుంది. కాసేపు ఊపిరి ఆపమంది. ఈయన ఆపాడు. ఆ అమ్మాయి ఇక చాలు అన్నా వదల్లేదు. పక్క గదులవాళ్లు వచ్చి గాజు పలక దగ్గర గుమిగూడారు. గీత గోడకు గీసినట్టు తిన్నగా ఉంది. బయటికి వచ్చాక బావ మొహం చూడాలి, పెళ్లికొడుకు పనికిరాడు. మా ఊరి నుంచి తెచ్చిన జీడిపప్పు మిఠాయి, మాకరూన్లు, అందరికీ తలా ఒకటి పంచింది అక్క.

మర్నాడు డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. గీత తిన్నగానే ఉందట, లోపల గింజలే నిలకడగా లేవట. పైన పొట్ట కదలకుండా ఉండగానే లోపల కణితి మెల్లగా పైకి పాకిపోయిందట. మా బావకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నీళ్లలోకి దిగేవాళ్లు పట్టిన గాలిని పట్టినట్టు ఉంచరు. రొమ్ము బరువెక్కకుండా ముక్కులోంచి తెలిసీ తెలియనట్టు వదులుతూ ఉంటారు. ఆ బుడగలు చూసే నేను పడవలో కూర్చుని ఆయన ఎక్కడున్నాడో పోల్చుకునేవాణ్ణి. పొట్ట కండలు బిగించి, లోపల గాలి జార్చడం. అదే ఆయన పనితనం. అదే ఇక్కడ కొంప ముంచింది.

వదలకుండా ఆపమన్నారు. ఆయన ఆపుతున్నాననే అన్నాడు, గాలి మాత్రం జారుతూనే ఉంది. ముక్కుకు క్లిప్పు పెట్టారు. అప్పుడు గొంతులోంచి జార్చాడు. పొట్ట మీద పట్టీ బిగించి చిన్న చిన్న ఊపిరులు తీయమన్నారు. పట్టీ కణితి మీద ఒత్తేసరికి నొప్పికి మెలికలు తిరిగిపోయాడు.

ఇంకొక్క దారి ఉందని డాక్టరమ్మ చెప్పింది. గాలి పూర్తిగా వదిలేసి, ఖాళీగా ఆగడం. పీల్చి ఆగినప్పుడు ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంది గాని, వదిలేశాక మనిషి ఇంచుమించు ప్రతిసారీ ఒకే చోటుకు వస్తాడట. పట్టుమని పాతిక అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగితే చాలట. అదీ కుదరకపోతే కణితి తిరిగే మేరంతా కలిపి గురి గీస్తారు. అప్పుడు పేగు కూడా గురిలోకి వస్తుంది కాబట్టి మోతాదు బాగా తగ్గించాలి.

"తగ్గిస్తే కణితి చస్తుందా?" అని అక్క అడిగింది.

"నొప్పి తగ్గుతుందమ్మా. అంతవరకే" అంది డాక్టరమ్మ.

ఆ రోజే స్కాన్ గదిలో చేయించి చూస్తే నాలుగు అంకెలకే గాలి పీల్చేశాడు. అక్కడి నుంచి ఆసుపత్రి ఎదురుగా ఉన్న లాడ్జిలో మంచం మీద పడుకోబెట్టి ఆయనతో సాధన చేయించాం. వదులు, వదులు, అంతా వదులు, ఇప్పుడు ఆగు. అక్క అంకెలు లెక్కపెట్టేది. ఆరు దాటేలోపే ఆయన ఎవరో మెడ పట్టుకుని నీళ్లలో ముంచినట్టు లేచి కూర్చుని గాలి కోసం కొట్టుకునేవాడు. చెమటలు కారిపోయేవి. నిమిషాల తరబడి సముద్రం అడుగున ఉండే మనిషి ఈ గది మంచం మీద పాతిక అంకెలు ఆగలేకపోయాడు. అక్క విసుక్కుంది, బతిమాలింది, చివరికి తిట్టింది.

"నీకు తెలీదే" అన్నాడాయన. "రొమ్ములో గాలి లేకుండా కింద ఉన్నవాణ్ణి మోసుకొచ్చి ఒడ్డున పడుకోబెడతారు. మా నాన్నని అట్టాగే పడుకోబెట్టారు. నా ఒళ్లు వినట్లేదు, నేనేం చెయ్యను?"

నావైపు తిరిగాడు. "తాడుంటే దిగుతానేమోరా. నువ్వు పట్టుకుంటే చూద్దాం" అన్నాడు.

పొన్మణి మంచి పిల్ల, కాదనలేదు. స్కాన్ తీసేటప్పుడు గదిలో ఇంకో మనిషి ఉండకూడదు గాని, సన్నటి నైలాను తాడు తలుపు సందులోంచి తేవడానికి ఒప్పుకుంది. ఒక కొస ఆయన పిడికిట్లో, రెండో కొస బయట నా చేతిలో. తట్టుకోలేకపోతే లాగు, వెంటనే ఆపించేస్తాను అని చెప్పాను. ఆయన మొహం తేటపడింది. "పట్టుకున్నావా?" అని లోపలి నుంచి అరిచాడు. పట్టుకున్నానని ఒకసారి లాగి చూపించాను.

గాలి వదలమని పొన్మణి మైకులో చెప్పింది. గీత కిందికి దిగింది. ఆగండి అంది. అంతే, గీత జివ్వున పైకి లేచి అక్కడ నిలబడింది. ఆయన గుండెల నిండా గాలి పట్టి ఆపాడు. వద్దని చెప్పి మళ్లీ చేయించింది, మళ్లీ అదే. ఎన్నిసార్లు చేసినా అదే. ఆయన కావాలని చేయలేదు. తాను పీల్చలేదని పొన్మణితో పోట్లాట కూడా పెట్టుకున్నాడు.

ఆ పిల్ల నన్ను పక్కకు పిలిచి రెండు గీతలు చూపించింది. తాడు లేకుండా మొన్న చేసిందొకటి, తాడుతో ఈ రోజు చేసిందొకటి. తాడు లేనప్పుడు కనీసం కాసేపు ఖాళీగా ఆగుతున్నాడు. చేతిలో తాడు బిగుసుకోగానే గాలి పట్టేస్తున్నాడు.

"ఆయనకి అది సముద్రం అనిపిస్తున్నట్టుందండీ. రేపు తాడు లేకుండా ఒక్కసారి చూద్దాం. రేపటికీ కాకపోతే డాక్టరుగారు తక్కువ మోతాదుకే వెళ్దామన్నారు" అంది.

నేను బావకు చెప్పాను. తాడు లేకుండా ఆ బల్ల ఎక్కనన్నాడు. ఎక్కించినా, నేను బయట ఉన్నానని తెలిస్తే చాలు, వేళ్లతో ఆ లేని తాడునే పట్టుకుంటాడని నాకు తెలుసు. ఆయన వేళ్ల సంగతి నాకు తెలిసినంత మా అక్కకు కూడా తెలియదు. రాత్రంతా ఆలోచించి తెల్లవారాక అక్కను మెట్ల దగ్గరికి పిలిచి, నేను ఊరెళ్లిపోతున్నానని చెబుతాను, నువ్వు మాట్లాడొద్దు అన్నాను.

స్కాన్ గది ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు బావ. ఆసుపత్రి చొక్కా వేసుకుని, చేతికి తాడు చుట్టుకుంటున్నాడు.

"నేను ఊరికెళ్తున్నా బావా" అన్నాను.

"సాయంత్రానికి వచ్చేస్తావా?"

"రాను."

నవ్వాడు. పరాచికం అనుకున్నాడు. "మరి ఇదెవడు పట్టుకుంటాడ్రా, మీ నాన్నా?"

"ఎవరైనా పట్టుకోనీ. నాకు విసుగొచ్చింది. మీసం రాకముందు పట్టుకున్నా, ఇప్పుడది నెరిసిపోయింది. నాకూ పెళ్లాం పిల్లలున్నారు."

అంతవరకే అనాలనుకున్నాను. కాని ఆయన ఇంకా నమ్మలేదు. అదే నవ్వుతో తాడు కొస నా వైపు చాచాడు. ఆ నవ్వు ఉన్నంతసేపూ ఆయన గాలి పట్టేస్తూనే ఉంటాడు.

"పోయేవాడి తాడు ఎంతకాలం పట్టుకోమంటావు?" అన్నాను.

అక్క గోడవైపు తిరిగిపోయింది. బావ చాచిన చేయి అలాగే ఉంచి నా మొహంలోకి చూశాడు. తర్వాత తాడు విప్పి, మడతపెట్టి, బల్ల మీద పక్కన పెట్టాడు. నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నేను మెట్లు దిగి, భవనం చుట్టూ తిరిగి, వెనక తలుపులోంచి పొన్మణి కూర్చునే గదిలోకి వెళ్లాను.

గాజు అవతల ఆయన బల్ల మీద పడుకుని ఉన్నాడు. చేతులు రెండూ తలపైకి పెట్టమంటే పెట్టాడు. గాలి వదలండి అంది పొన్మణి. గీత దిగింది. ఆగండి అంది. గీత అడుగునే ఉండిపోయింది. నేను తెర వైపు చూస్తున్నాను. పది, పదిహేను, ఇరవై, పాతిక. లేవలేదు. తీసుకోండి అని పొన్మణి చెప్పాక కూడా ఒక క్షణం లేవలేదు. ఆ పిల్ల కంగారుగా రెండోసారి చెప్పింది. అప్పుడు తీసుకున్నాడు. మళ్లీ చేయించారు, మళ్లీ అదే చోట. గింజలు వెంట్రుకవాసి కూడా కదల్లేదని డాక్టరమ్మ వచ్చి చూసి చెప్పింది.

నాకు సంతోషం వేసింది. దాచుకోవడమెందుకు, పొంగిపోయాను. ఆ తర్వాత ఆయన మొహం చూశాను. దిగే మనిషి మొహం కాదది. దిగేముందు ఆయన దవడ బిగిసి ఉంటుంది, కనుబొమలు ముడిపడి ఉంటాయి. ఇప్పుడు ఆ మొహంలో ఏమీ లేదు. ఒడ్డున పడుకోబెట్టిన మనిషిలా ఉన్నాడు.

ఏం చెప్పి ఒప్పించారని పొన్మణి అడిగితే చెప్పాను. ఆ అమ్మాయి నా మీద మండిపడింది. అలా అంటారని తెలిస్తే నేనసలు తాడు సంగతే ఎత్తేదాన్ని కాదు అంది. ఆయనకు నిజం చెప్పేయనా అని అడిగాను. తల పట్టుకుని కూర్చుంది. నిజం దాచమని తాను చెప్పనంది. కాని గురి ఈ ఊపిరికే గీస్తున్నారు, ఊపిరి మారితే అంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి, అంత వ్యవధి ఆ కణితి ఇస్తుందో లేదో తెలియదంది. నేను చెప్పలేదు. అక్కా చెప్పలేదు.

రేడియేషన్ నేలమాళిగలో పెట్టేవారు. రోజు విడిచి రోజు. బావ లోపలికి వెళ్లాక నేను వెనక మెట్ల మీద నుంచి దిగి తెర ముందు నిలబడేవాణ్ణి. ముందు ఫొటో తీసి గింజలు గీసిన చోట ఉన్నాయో లేదో చూసుకునేవారు. ప్రతిసారీ ఉన్నాయి. మైకు నా చేతికి అందేంత దూరంలోనే ఉండేది. బావా, ఇక్కడే ఉన్నా అంటే చాలు. నోటిదాకా వచ్చేది. అన్నానంటే ఆ గీత ఎగిరి లేస్తుంది. నోరు మూసుకుని నిలబడ్డాను. అవతల లాడ్జిలో ఆయన నా పేరు ఎత్తడం లేదని అక్క చెప్పింది. ఊళ్లోవాళ్లు ఫోను చేసి ఇన్నాసి ఏడని అడిగితే, పనుండి వెళ్లాడని తానే సర్దిచెప్పాడట.

ఆఖరి రోజు అయిపోయాక నేను ఎదురుగా వెళ్లాను. ఆయన చక్రాల కుర్చీలో ఉన్నాడు, అక్క వెనక నిలబడి ఉంది. మొత్తం చెప్పేశాను. తాడు పట్టుకుంటే గాలి పట్టేస్తున్నావని, అందుకే అన్నానని, ఒక్కరోజు కూడా ఊరెళ్లలేదని, ప్రతిసారీ గోడకు ఇవతల నిలబడ్డానని. పొన్మణి కూడా అవునంది. తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలని మాత కోవెల వైపు మొక్కుకున్నాను.

ఆయన తన చేతులు చూసుకున్నాడు.

"ఆ బల్ల మీద పడుకున్న ప్రతిసారీ, ఇంక నాకెవరూ లేరు, పోయాను అనుకునే ఊపిరి వదిలాన్రా. అన్నిసార్లు పోయినవాడితో ఇప్పుడొచ్చి ఉన్నానంటే, ఏం చేసుకోను?" అన్నాడు.

తర్వాత కుర్చీ తొయ్యమని అక్కకు సైగ చేశాడు.

నేను చేసింది తప్పని ఎవడైనా అంటే వాడితో ఇప్పటికీ కలబడతాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే మాట అంటాను. మూడు నెలల తర్వాత తీసిన స్కానులో కణితి ముడుచుకుపోయిందన్నారు. ఆ తర్వాతి దాంట్లో చచ్చిన మచ్చ మాత్రమే ఉందన్నారు. ఆ సంగతి నాకు అక్క చేపల బజార్లో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఇంటికి రమ్మంది, వంజరం చేప కూర వండుతాను, తిని వెళ్లమంది.

వెళ్లాను. బావ వరండాలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఒళ్లు కాస్త నిండింది, చెంపలు తేరుకున్నాయి. అడుగుల చప్పుడుకు తలెత్తాడు. నేనెవరో ఒక్క క్షణంలో పోల్చుకున్నాడు. గబగబా లేచి, తాను కూర్చున్న చాప దులిపి నా వైపు జరిపాడు.

"రండి, కూర్చోండి" అన్నాడు. లోపలికి తిరిగి, "మిక్కేలా, మీ తమ్ముడుగారొచ్చారు, మంచినీళ్లు తీసుకురా" అన్నాడు.

అక్క చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. నేను చాప మీద కూర్చున్నాను. ఆయన మా పిల్లల చదువులు అడిగాడు, ఈ ఏడు శంఖాలు ఎలా పడుతున్నాయని అడిగాడు. అడిగినవాటికల్లా అండీ అని జవాబు చెప్పాను.